డ్రిల్ చక్‌లో ఎండ్ మిల్ జారుతోంటే

మీ మిల్లింగ్ మెషీన్ స్పిండిల్ (కట్టర్‌ని తిప్పే ఇరుసు) ఎంటీ3, అంటే మోర్స్ టేపర్ 3 అనే శంకువు ఆకారపు అమరిక. దానికి ఈఆర్25 కోలెట్ చక్ కొనాలా, ఈఆర్32 కొనాలా అని అడిగారు. కోలెట్ అంటే కట్టర్‌ని చుట్టూ బిగించి పట్టే చీలికల గొట్టం. ఇప్పుడు డ్రిల్ చక్‌లో పెట్టిన ఎండ్ మిల్ (పక్కలతో కూడా కోసే కట్టర్) కోత మధ్యలో కిందికి జారుతోందని కూడా రాశారు. దయచేసి ముందు ఆ పని ఆపేయండి. డ్రిల్ చక్ పక్క నుంచి వచ్చే ఒత్తిడికి తట్టుకోదు, టేపర్ నుంచి చక్కే ఊడి రావచ్చు.

నా ఓటు ఈఆర్32కే. 20 మి.మీ. షాంక్ (కట్టర్ కాడ) వరకూ పడుతుంది, ఈఆర్25 మామూలుగా 16 దగ్గర ఆగిపోతుంది. స్పిండిల్ కింద ఎత్తు చాలకపోతే మాత్రం నేరుగా స్పిండిల్‌లో కూర్చునే ఎంటీ3 కోలెట్లు మేలు. ఏది కొన్నా మీ డ్రా బార్ (స్పిండిల్ పైనుంచి లాగి బిగించే పొడవాటి బోల్టు) మర మెట్రిక్కో, అంగుళాలో ముందే చూసుకోండి. కోలెట్ల పెద్ద సెట్టు ఇప్పుడే అక్కర్లేదు, మీ కట్టర్ల సైజులు చాలు.

బిగించే పద్ధతి ముఖ్యమండి. కోలెట్‌ని కాస్త వంచి ముందు నట్‌లోకి నొక్కండి, టక్కుమని కూర్చుంటుంది. నట్ లోపలి రింగు కోలెట్ గాడిలో పడిందన్నమాట. కట్టర్ ఆ తర్వాతే. అలా చేయకపోతే కట్టర్ వంకరగా తిరుగుతుంది, విప్పేటప్పుడు కోలెట్ లోపలే ఇరుక్కుంటుంది. షాంక్‌నీ కోలెట్‌నీ పొడిగుడ్డతో తుడవడం మరవకండి, నూనె ఉంటే మళ్లీ జారుతుంది.