పెనుకొండలో కార్ల ఫ్యాక్టరీ ఉందని మెకానికల్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది ధర్మవరం, మగ్గం నేస్తాం. మా అబ్బాయి పది పాసై పాలిసెట్ రాశాడు. మెకానికల్ డిప్లొమా చేసి పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో చేరతానంటున్నాడు. మన జిల్లాలో ఏ రంగంలో ఉద్యోగాలు ఉంటాయి? వాడి మాట వినమంటారా?

జవాబు: డిప్లొమాకు పంపండి, అందులో అనుమానం లేదు. బ్రాంచి మాత్రం ఒక్క ఫ్యాక్టరీని చూసి తేల్చకండి.

మీవాడి ఆశ ఉత్తిది కాదు. పెనుకొండ దగ్గరి ఎర్రమంచిలో కియా కంపెనీ ఫ్యాక్టరీ నుంచి మొదటి సెల్టోస్ కారు 2019 ఆగస్టులో బయటికొచ్చింది. ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యంతో కట్టిన ప్లాంటు అది. దాని వెంట విడిభాగాల కంపెనీలు కూడా వచ్చాయి. కానీ ఏ ప్లాంటైనా మొదలయ్యేటప్పుడే పెద్ద ఎత్తున మనుషుల్ని తీసుకుంటుంది. లైన్లు నిండాక ఎక్కువగా మానేసినవాళ్ల ఖాళీలే మిగులుతాయి. మీవాడు చదువు ముగించేది మూడేళ్ల తర్వాత కదా. పైగా ఇప్పటి కార్ల ప్లాంట్లలో బాడీ వెల్డింగ్, పెయింటింగ్ చాలావరకు రోబోలే చేస్తున్నాయి. ఆ రోబో ఆగిపోతే లైను మొత్తం ఆగుతుంది. దాన్ని గబగబా సరిచేసే మెయింటెనెన్స్ వాళ్లకు, అంటే మోటార్లు, సెన్సార్లు, పీఎల్‌సీ (యంత్రాలను నడిపించే చిన్న కంప్యూటర్) తెలిసినవాళ్లకు ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. అందుకే వెబ్ ఆప్షన్లలో ఎలక్ట్రికల్‌ను ముందు, మెకానికల్‌ను తర్వాత పెట్టమంటాను.

నంబులపూలకుంట వైపు సోలార్ ప్లేట్లు చూసి అక్కడ బోలెడు ఉద్యోగాలుంటాయని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. కట్టేటప్పుడు కూలీలకు పని దొరికే మాట నిజమే. కరెంటు రావడం మొదలయ్యాక అంత పెద్ద స్థలంలోనూ కొద్దిమందే చాలు. ఆ కొద్దిమందిలోనూ డిప్లొమా వాళ్లలో ఎక్కువగా ఎలక్ట్రికల్ వాళ్లకే చోటు.

మన పల్లెల్లో ఇప్పటికీ ఎక్కువమందికి పని ఇస్తున్నది సేద్యమే. అయితే వాన తక్కువ ఉన్న చోట వేరుశనగ మీదే బతకడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. నీళ్లున్నవాళ్లు చీనీ (బత్తాయి), దానిమ్మ, అరటి వైపు మళ్లారు. ఆ తోటలతో డ్రిప్, పంపుసెట్లు, స్టార్టర్ల పని పెరిగింది. జీతం ఉద్యోగం దొరక్కపోయినా సొంతంగా నిలబడే దారి అది. ఉద్యోగాల లెక్కలో దీన్ని ఎవరూ చూపించరు, నాకు బాధ కలిగించే విషయం ఇదే.

మగ్గం గురించి మీరేమీ అడగలేదు. వాడు నేయకపోయినా ఫర్వాలేదు, కానీ జరీ, రంగులు, డిజైన్ల మీద మీ ఇంట్లో ఉన్న పరిజ్ఞానం బయట డబ్బిచ్చినా దొరకదు. సెలవుల్లో దగ్గర కూర్చోబెట్టుకోండి.

ఉద్యోగం వెతకాల్సి వచ్చినప్పుడు జిల్లా గీత దగ్గర ఆగకండి. హిందూపురం తూముకుంట పారిశ్రామికవాడ ఒక పక్క, సరిహద్దు దాటితే దొడ్డబళ్లాపుర, ఆపైన బెంగళూరు. మన పిల్లలకు అదంతా ఒకే మార్కెట్. దుకాణాలు, ఆసుపత్రుల్లోనూ పని ఉంది గానీ మీవాడి ఇష్టం అటు లేదు కాబట్టి వదిలేస్తున్నాను.

చేరేముందు కాలేజీలో రెండు విషయాలు అడగండి: ల్యాబులో పీఎల్‌సీ కిట్లు పనిచేస్తున్నాయా, పోయినేడు పాసైనవాళ్లలో ఎంతమంది అప్రెంటిస్‌లుగా వెళ్లారు. డిప్లొమా అయ్యాక ఏడాది అప్రెంటిస్‌షిప్ చేస్తే స్టైపెండ్ వస్తుంది, చేతికి పని వస్తుంది. ఇంకా చదవాలనిపిస్తే ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. ఫ్యాక్టరీలో అవకాశం వచ్చిన రోజు ఆఫర్ లెటర్ కంపెనీ పేరు మీద ఉందా, కాంట్రాక్టర్ పేరు మీద ఉందా, పీఎఫ్ కడతారా లేదా చూసి, ఆ తర్వాతే సంతకం పెట్టించండి.