ల్యూనెబుర్గ్ 'బీడు'లో ఒక రచయిత

సందేహం: జర్మన్ రచయిత హెర్మన్ లోన్స్ గురించి ఒక మాసపత్రికకు చిన్న జీవిత పరిచయం రాశాను. మొదటి వాక్యం ఇది: "ల్యూనెబుర్గ్ బీడు భూముల మాండలిక రచయిత, విలేకరి హెర్మన్ లోన్స్ 1914లో వీరమరణం పొందాడు." పత్రికవాళ్ళు 'మాండలిక' కొట్టేసి 'ప్రాంతీయ' అని దిద్దారు. మా మిత్రుడేమో రెండూ ఒకటే, గొడవెందుకు అంటున్నాడు. ఏది సరైనది? వాక్యంలో మరేమైనా దిద్దాలా?

సమాధానం: రెండూ ఒకటి కావు. 'మాండలిక' కొట్టేయడం న్యాయమే. దాని బదులు పెట్టిన మాట మాత్రం నాకు పూర్తిగా నచ్చలేదు. అసలు ఆ వాక్యంలో దిద్దాల్సింది అదొక్కటే కాదు.

తెలుగులో మాండలిక రచయిత అని ఎవరిని అంటున్నాం? పాత్రల నోట నాలుగు ఊరిమాటలు పలికించిన ప్రతివారినీ అనం. అలా అంటే మన కథకుల్లో ఆ పేరుకు తగనివారు దొరకడం కష్టం. పాత్రలే కాదు, కథ చెప్పే గొంతు కూడా ఆ సీమ పలుకుబడిలోనే సాగాలి. నామిని కథల్లో కథకుడు కూడా చిత్తూరు జిల్లా మాటే మాట్లాడతాడు. యశోదారెడ్డి ముచ్చట్లు తెలంగాణ పలుకులోనే నడుస్తాయి. వీళ్ళ విషయంలో ఆ మాటకు అర్థముంది. ఇంకో సంగతి, చాలామంది యాసనూ మాండలికాన్నీ కలిపేస్తున్నారు. యాస పలికే తీరు. మాండలికం అంటే పదాలు, క్రియల రూపాలు, వాక్యం కట్టే పద్ధతి అన్నీ. కాగితం మీదికి యాస పూర్తిగా రాదు, మాండలికం వస్తుంది.

జర్మనీలో ఈ కొలతకు నిలిచే మనిషి ఫ్రిట్జ్ రాయిటర్. 1810లో మెక్లెన్‌బుర్గ్ ప్రాంతంలోని ష్టావెన్‌హాగెన్‌లో పుట్టాడు. విద్యార్థి సంఘంలో ఉన్నందుకు 1833లో అరెస్టయ్యాడు. మరణశిక్ష వేసి, తర్వాత దాన్ని 30 ఏళ్ళ కోట జైలుగా మార్చారు. 1840లో బయటపడ్డాడు. ఆ జైలు రోజుల గురించీ, పొలం పనులు నేర్చుకున్న రోజుల గురించీ అతను రాసిన పుస్తకాల్లో కథనం మొదటి నుంచి చివరి దాకా 'లో జర్మన్' అనే భాషలోనే సాగుతుంది. ఉత్తర జర్మనీ పల్లెల్లో మాట్లాడే ఆ భాషను బళ్ళలో నేర్పే జర్మన్ మాత్రమే వచ్చినవాడు చదవబోతే తడబడక తప్పదు. దాన్ని మాండలికం అనడానికి కూడా అక్కడ చాలామంది ఒప్పుకోరు. ప్రాంతీయ, అల్పసంఖ్యాక భాషల మీద యూరప్ దేశాలు చేసుకున్న ఒడంబడిక కింద జర్మనీ 1999 నుంచి దాన్ని ప్రాంతీయ భాషగా గుర్తిస్తోంది. అంటే రాయిటర్‌ని కూడా మాండలిక రచయిత అనడం కంటే 'లో జర్మన్ రచయిత' అనడమే మేలు.

లోన్స్ రాసింది ఈ భాషలో కాదు. అతని కథనం ప్రామాణిక జర్మన్‌లో సాగుతుంది. రైతుల మాటల్లోనూ, సామెతల్లోనూ, చెట్టూ పిట్టల పేర్లలోనూ లో జర్మన్ తొంగిచూస్తుంది, అంతే. కాబట్టి 'మాండలిక రచయిత' అంటే అతను రాసిన భాష గురించి పాఠకుడికి తప్పు చెప్పినట్టవుతుంది.

ఇక 'ప్రాంతీయ'. వ్యాకరణం ప్రకారం దానిలో దోషం లేదు. కానీ మాటకు సహవాస దోషం ఒకటుంటుంది. ప్రాంతీయ పార్టీ, ప్రాంతీయ కార్యాలయం, ప్రాంతీయ వార్తలు అని అనీ అనీ, ఆ మాట వినగానే 'జాతీయం కంటే ఒక మెట్టు కింద' అనే అర్థం స్ఫురిస్తోంది. ప్రాంతీయ రచయిత అంటే పక్క జిల్లాకు తెలియనివాడు అనిపిస్తుంది. లోన్స్ అలాంటివాడు కాడు, జర్మనీ అంతా చదివిన రచయిత. మనం కళింగాంధ్ర కథకుడు, రాయలసీమ కథకుడు అంటున్నట్టే ఇక్కడా ప్రాంతం పేరే పెట్టండి. 'ల్యూనెబుర్గ్ హైడె కథకుడు' అంటే సరిపోతుంది. మీరు 'బీడు భూములు' అన్న నేలకు జర్మన్ పేరే హైడె. పేరు చెప్పగలిగిన చోట 'ప్రాంతీయ' అనే ముసుగెందుకు?

ప్రాంతం పేరు పెట్టడంలో మరో సుఖం కూడా ఉంది. ప్రాంతీయ రచయిత అనగానే అక్కడే పుట్టి పెరిగాడని పాఠకుడు ఊహించుకుంటాడు. లోన్స్ హైడెలో పుట్టలేదు. 1866 ఆగస్టు 29న పశ్చిమ ప్రష్యాలోని కుల్మ్‌లో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. తండ్రి బడి పంతులు. తర్వాత కుటుంబం మ్యూన్‌స్టర్‌కు మారింది. వైద్యం చదవబోయి పట్టా లేకుండానే వదిలేశాడు. నత్తల మీద పరిశోధన అంటే మాత్రం ఇష్టం. పత్రికా ఉద్యోగం వెతుక్కుంటూ తిరిగి తిరిగి 1893లో హానోవర్ చేరాడు. హైడె అతనికి దొరికింది అక్కడి నుంచే. సెలవు దొరికితే తుపాకీ భుజాన వేసుకుని అక్కడికి పోయేవాడు. ఆ నేలకు అతను బిడ్డ కాదు, వలచి వచ్చినవాడు. 'హైడె కథకుడు' అన్నప్పుడు పుట్టుక గురించి ఏ అబద్ధమూ చెప్పక్కర్లేదు.

మీ వాక్యంలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది 'బీడు భూములు'. ఈ తప్పు మాత్రం మీ పత్రికవాళ్ళ కంట పడలేదు. నిఘంటువు చూసి పెట్టి ఉంటారు. బీడు అంటే సాగు చేయకుండా వదిలేసిన నేల, తెలంగాణలో పడావు అంటారు. హైడె సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. హాంబుర్గ్, బ్రేమెన్, హానోవర్ నగరాల మధ్య ఉన్న ఇసుక నేల అది. మోకాలి ఎత్తు పొదలు, ఆగస్టులో వాటికి ఊదా పూలు, మధ్యమధ్య జునిపర్ చెట్లు. చూస్తే మనిషి చేయి పడని చోటనిపిస్తుంది. కానీ వందల ఏళ్ళుగా మనుషులే దాన్ని అలా ఉంచారు. కొమ్ముల బూడిద రంగు గొర్రెలు అక్కడ మేసేవి. పొదలను వేళ్ళతో సహా పెళ్ళలుగా కోసి పశువుల కొట్టంలో పరిచి, అవి పేడతో కలిసి మాగాక చేలకు తోలేవారు. పూల కాలంలో తేనెపట్లను తెచ్చి అక్కడ పెట్టేవారు. ఈ పనులన్నీ ఆపేసి నేలను దాని మానాన వదిలేస్తే హైడె మిగలదు, బిర్చి, పైన్ మొక్కలు లేచి అడవైపోతుంది. వదిలేస్తే పోయే నేలను 'వదిలేసిన నేల' అని పిలిస్తే ఎలా? రసాయన ఎరువులు వచ్చి, గొర్రెలు తగ్గి, లోన్స్ కాలానికే హైడె చాలావరకు చేలుగానో, నాటిన అడవులుగానో మారిపోతోంది. 1909లో ప్రకృతి రక్షణ కోసం ఒక సంఘం పుట్టి, మిగిలిన హైడెలో కొంత నేల కొని కాపాడటం మొదలుపెట్టింది అందుకే. మొదటిసారి 'హైడె అనే పొదల బయలు' అని రాసి, ఆ తర్వాత ఉత్త హైడె అంటే పాఠకుడికి ఇబ్బంది ఉండదు.

'విలేకరి' గురించి క్లుప్తంగా. వార్త సేకరించి పంపేవాడు విలేకరి. లోన్స్ ఆ పనీ చేశాడు, కానీ అక్కడే ఆగలేదు. హానోవర్ గుండా పారే లైనె నది పేరు కలిసేలా 'ఫ్రిట్జ్ ఫొన్ డెర్ లైనె' అని మారుపేరు పెట్టుకుని ఊరి మీద వ్యంగ్య శీర్షిక నడిపాడు. 1907 నుంచి 1909 దాకా బ్యూకెబుర్గ్‌లో ఒక దినపత్రికకు ప్రధాన సంపాదకుడు. అందుకని పాత్రికేయుడు అనండి, లేదా హాయిగా జర్నలిస్టు అనండి.

'వీరమరణం' దగ్గర మాత్రం కాస్త గట్టిగానే చెప్పాలి. చనిపోయాడు అనేది సమాచారం, వీరమరణం పొందాడు అనేది తీర్పు. సైనికుడు ఎవరు చనిపోయినా మన పత్రికల్లో ఆ మాట యాంత్రికంగా పడిపోతోంది. మనవాళ్ళ విషయంలో అది గౌరవం కొద్దీ అనేది, దాన్ని తప్పుపట్టను. లోన్స్ విషయంలో ఆ మాట వెనక పెద్ద కథే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం మొదలవగానే, యాభైకి దగ్గరపడిన వయసులో, పట్టుబట్టి స్వచ్ఛందంగా మామూలు సిపాయిగా చేరాడు. 1914 సెప్టెంబర్ 26న ఫ్రాన్స్‌లో రాంస్ దగ్గర లోయివ్ర్ వద్ద కాల్పుల్లో చనిపోయాడు. సైన్యంలో చేరి కొన్ని వారాలే అయింది. కథ ఇక్కడితో ముగిసి ఉంటే మీ మాటను చూసీ చూడనట్టు వదిలేసేవాణ్ణి.

ముగియలేదు. 1910లో వచ్చిన అతని నవల 'డెర్ వేర్‌వోల్ఫ్' పదిహేడో శతాబ్దపు ముప్ఫై ఏళ్ళ యుద్ధం నాటి హైడె రైతుల కథ. దోచుకోవడానికి వచ్చిన సైనికుల మీద వాళ్ళు ముఠా కట్టి కనికరం లేకుండా తిరగబడతారు. నేల, నెత్తురు, పరాయివాడి మీద పగ అనే ఈ సరంజామా నాజీలకు బాగా పనికొచ్చింది. అతను రాసిన ఒక నావికుల పాటకు 1939లో కొత్త బాణీ కట్టి, ఇంగ్లండ్ మీద యుద్ధ గీతంగా రేడియోలో మోగించారు. ఫ్రాన్స్‌లో దొరికిన ఎముకలు అతనివేనంటూ జర్మనీకి తెప్పించి, 1935లో వాల్స్‌రోడె దగ్గర జునిపర్ తోపులో సైనిక లాంఛనాలతో పాతిపెట్టారు. అవి నిజంగా అతనివేనా అన్న అనుమానం ఈనాటికీ తీరలేదు. 1914లో పోయిన మనిషికి నాజీ పార్టీతో సంబంధం అంటగట్టడం అన్యాయం. కానీ అతని రాతల్లో వాళ్ళకు కావలసింది ఏదీ లేదనడం కూడా నిజం కాదు. ఇంత చరిత్ర ఉన్న చావుకు 'వీరమరణం' అని రాస్తే, మీకు తెలియకుండానే 1935 నాటి ఆ ఊరేగింపులో మీరూ నడిచినట్టే. 'యుద్ధంలో చనిపోయాడు' చాలు.

వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: "ల్యూనెబుర్గ్ హైడె అనే పొదల బయలును కథల్లోకి తెచ్చిన జర్మన్ రచయిత, పాత్రికేయుడు హెర్మన్ లోన్స్ 1914లో మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయాడు." 'చనిపోయాడు' బదులు 'చనిపోయారు' అన్నా తప్పులేదు. ఒకటే షరతు, ఒక పేరాలో డు, మరో పేరాలో రు వద్దు.

మీరు అడగలేదు గానీ, పేరు గురించి కూడా. జర్మన్‌లో అక్కడున్న అచ్చు మనకు లేదు. పెదవులను 'ఓ'కు చుట్టినట్టు చుట్టి, నాలుకతో 'ఏ' పలకాలి. తెలుగులో ఒకరు పెదవుల వైపు, ఒకరు నాలుక వైపు మొగ్గుతారు, గోథే అనీ గేటే అనీ రెండు రూపాలు వచ్చింది అందుకే. గోథే పాతుకుపోయింది కాబట్టి మీ 'లోన్స్' దానికి పొత్తు కుదురుతుంది. ఒంటిగా 'లోన్స్' అని శీర్షిక పెడితే మాత్రం బ్యాంకు ప్రకటన అనుకుని పేజీ తిప్పేస్తారు, అక్కడ హెర్మన్‌ను వదలకండి.