కరెంటు పెట్టే డాక్టర్‌కు సైటేషన్లు ఎన్నుండాలె?

ప్రశ్న: సార్ నమస్తే, మాది దేవరకొండ దగ్గర పల్లె. అమ్మకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది, ఇగ కరెంటు (రేడియేషన్) పెట్టాలన్నరు. హైదరాబాద్‌ల ఇద్దరు డాక్టర్ల పేర్లు చెప్పిన్రు. మా మేనల్లుడు ఫోన్ల గూగుల్ స్కాలర్ (రీసెర్చ్ పేపర్ల లెక్క చూపే సైటు) చూసి ఒక సార్‌కు హెచ్ ఇండెక్స్ 38, ఇంకో మేడమ్‌కు 7 ఉన్నది మామా, ఇంక ఆలోచించేదేమున్నది అంటుండు. కానీ ఆ మేడమ్ అమ్మ తోటి అరగంట కూసోని మాట్లాడింది. ఏం చెయ్యాలె?

జవాబు: తమ్మీ, ముందుగాల ఆ నంబర్ ఏందో చెప్తా. ఒక డాక్టర్ రాసిన పేపర్‌ను వేరేటోళ్లు తమ పేపర్ల "ఫలానా ఆయన ఇట్ల చెప్పిండు" అని చూపిస్తే అదొక సైటేషన్. హెచ్ ఇండెక్స్ అనేది 2005ల హోర్హే హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ చెప్పిన లెక్క, డాక్టర్ల కోసం పెట్టింది గూడ కాదు. ఒకాయన 5 పేపర్లు రాసిండనుకో, వాటికి 40, 22, 9, 4, 1 సైటేషన్లు వచ్చినయనుకో, కనీసం 4 సైటేషన్లున్న పేపర్లు 4 ఉన్నయి గాబట్టి ఆయన హెచ్ ఇండెక్స్ 4. మొదటి పేపర్‌కు 40 బదులు 4000 వచ్చినా అది 4 దాటది. ఉదాహరణకు, 1991ల ఎమామి అనే డాక్టర్, ఆయన తోటోళ్లు కలిసి ఊపిరితిత్తులు, వెన్నుపాము, కిడ్నీలు కరెంటు ఎంత డోసు దాకా తట్టుకుంటయో పట్టికలు రాసిన్రు, అందుల మస్తు మటుకు అనుభవం మీద వేసిన అంచనాలే, అయినా ప్రపంచమంతా ప్లాన్ వేసేటోళ్లు వాటినే ముందట పెట్టుకున్నరు, 2010ల క్వాంటెక్ అని కొత్త లెక్కలు వచ్చినా ఎమామి పట్టికల పేరు ఇప్పటికీ వినిపిస్తది. అంత పనికొచ్చిన పేపర్ గూడ హెచ్ ఇండెక్స్‌ల ఒక్క పేపరే.

ఇంకోటి, ఈ నంబర్ పెరుగుడే గాని తరుగుడు లేదు. 30 ఏండ్ల సర్వీసున్నోళ్లకు, 8 ఏండ్ల కింద వచ్చినోళ్లకు పోలిక పెట్టొద్దు. పెద్ద ట్రయల్‌ల (పేషెంట్ల మీద వైద్యాన్ని పరీక్షించి చూసే పనిల) పేషెంట్లను చేర్పించినందుకు నలభై మంది పేర్ల నడుమ ఒక పేరుంటే దానికి గూడ సైటేషన్లు వస్తయి. అట్లని ఆ సార్‌ను నేను తక్కువ చేస్తలేను, 38 ఊరికె రాదు, అండ్ల ఒక జీవితముంటది.

మీ మేనల్లుడికి ఒక మాట చెప్పు, నంబర్ కాదు ఆ పేపర్లు ఏ ప్రశ్న అడిగినయో చూడమను. ఒకప్పుడు రొమ్ముకు 25 సార్లు కరెంటు పెట్టేటోళ్లు, అంటే అయిదు వారాలు. ఇంగ్లండ్ల స్టార్ట్ ట్రయల్స్ 2008ల వచ్చినంక అది 15 సార్లకు దిగింది. తర్వాత ఫాస్ట్ ఫార్వర్డ్ అని ఇంకోటి, 4096 మంది మీద చేసిన్రు, 15 సార్ల 40 గ్రే (గ్రే అంటే కరెంటు డోసు కొలత) ఇచ్చినా, 5 సార్ల 26 గ్రే ఇచ్చినా అయిదేండ్ల తర్వాత జబ్బు తిరగబెట్టుడు ఎక్కువ కాలేదని 2020ల లాన్సెట్ అనే డాక్టర్ల జర్నల్‌ల వేసిన్రు. దేవరకొండ నుంచి మాల్, ఇబ్రహీంపట్నం మీదుగ హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండ్‌కు 25 రోజులు పోయిరావుడు ఎక్కడ, 5 రోజులు ఎక్కడ! అమ్మకు బస్ ఫ్రీయే గావొచ్చు, తోడు పోయే నీ కూలి ఎవరిస్తరు? నాకైతే ఆ పేపర్‌కు ఎన్ని సైటేషన్లు వచ్చినయన్న దానికంటె ఇదే పెద్దగ కనబడ్తది.

అయితే 5 సార్లు అందరికీ కాదు. ఆ రిజల్ట్ ముఖ్యంగ చంకల గడ్డలకు కరెంటు అవసరం లేనోళ్లది. అందుకే ఇద్దరినీ అడుగు: మా అమ్మకు ఎన్ని సిట్టింగులు, ఎందుకన్ని, చంకకు గూడ పెడ్తరా, ఎడమ రొమ్మైతే గుండెకు తగలకుండ ఊపిరి బిగబట్టించి పెడ్తరా, ప్లాన్‌ను ఫిజిసిస్ట్ (డోసు లెక్కలు చూసేటోడు) చెక్ చేస్తడా, మిషన్ ఖరాబైతే ఏం చేస్తరు. వీటికి విసుక్కోకుండ జవాబు చెప్పేటోళ్ల దగ్గరికి పో. ఆ అరగంట సంగతి విన్నంక నా మనసైతే మేడమ్ దిక్కే ఉన్నది.

ప్రశ్న: నేను పాలమూరుల ఎంబీబీఎస్ ఫైనల్ ఇయర్. రేడియేషన్ ఆంకాలజీ పీజీ చేసి రీసెర్చ్‌ల పేరు తెచ్చుకోవాలని ఉన్నది. మన దగ్గర కుదుర్తదా సార్?

జవాబు: కుదుర్తది బిడ్డా. ముంబై టాటా మెమోరియల్ వాళ్లు గర్భసంచి మూతి క్యాన్సర్ 3బి స్టేజ్‌ల ఉన్న 850 మంది ఆడోళ్ల మీద ట్రయల్ చేసిన్రు, కరెంటుతోటి వారం వారం సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఇస్తే అయిదేండ్లకు బతికున్నోళ్లు 54 శాతం, ఉత్త కరెంటు పెట్టినోళ్లల్ల 46 శాతం, 2018ల జామా ఆంకాలజీ అనే జర్నల్‌ల వచ్చింది. అంత ముదిరినంక దవాఖానకు వచ్చేటోళ్లు మన దగ్గర ఎక్కువ, గాబట్టి ఆ ప్రశ్న మనమే అడగాలె.

రెండు పనులు ఇప్పటి నుంచే చెయ్యి. మన ఇంటిపేర్లు, ఇనీషియళ్లు డేటాబేసులల్ల మస్తు కలగాపులగం అయితయి, ఒక కె. శ్రీనివాస్ పేపర్లు ఇంకో కె. శ్రీనివాస్ ఖాతాల పడ్తయి, అందుకే మొదటి పేపర్‌కు ముందే ఆర్కిడ్ ఐడీ (రీసెర్చ్ చేసేటోళ్లకు ఒక్కొక్కరికి ఇచ్చే సొంత నంబర్) తీసుకో, పేరు అన్నిట్ల ఒక్క తీరుగ రాయి. పైసలు కట్టంగనె వారంల వేస్తమనే జర్నళ్ల జోలికి పోకు, నా మొదటి పేపర్ అట్లనే ఇచ్చిన, రెండేండ్లకు ఆ జర్నలే కనబడకుండ పోయింది, దాని వెనక నా పేషెంట్ల కష్టం గూడ పోయిందని ఇప్పటికీ బాధైతది.

పీజీల చేరినంక నువ్వు కరెంటు పెట్టిన ప్రతి మనిషి ఫోన్ నంబర్‌తోటి పాటు ఇంటి పక్కోళ్ల నంబర్ గూడ రాసుకో. అచ్చంపేట దిక్కు నుంచి వచ్చినోళ్లు పనికని వలస పోతరు, సిమ్ మారుస్తరు, మూడేండ్లకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు, ఆ మనిషి ఉన్నదా లేదా తెల్వకుండ ఏ పేపర్ రాస్తవు?