సాలార్‌జంగ్ మ్యూజియంలో ఇంటర్న్‌షిప్ అంటే రిజిస్టర్లు రాయడమేనా?

ఆర్ట్ హిస్టరీలో ఎం.ఎఫ్.ఏ. మొదటి ఏడాది అయ్యాక వేసవిలో సాలార్‌జంగ్ మ్యూజియంలో చేరబోతున్నారని, "అక్కడ రిజిస్టర్లు, డేటా ఎంట్రీ తప్ప ఏమీ ఉండదు" అని సీనియర్లు చెబుతుంటే టెన్షన్‌గా ఉందని రాశారు. నేనూ అక్కడే ఒక వేసవి పనిచేశాను. రిజిస్టర్ పని ఉంటుంది, చాలానే ఉంటుంది. దాన్ని తప్పించుకోకండి, అడిగి మరీ చేయండి. క్లాసులో స్లైడ్లు చూసి రాని చూపు నాకు ఆ పనిలోనే వచ్చింది.

నాకు బిద్రీ వస్తువుల (నల్లటి లోహంలో వెండి పొదిగి చేసే బీదర్ పనితనం) వర్ణనలు రాసే పని ఇచ్చారు. మొదట చేతికొచ్చింది హుక్కా కుండ, అంటే నీళ్లు పోసే అడుగు భాగం. ఫొటోలో అయితే నల్లటి లోహం మీద వెండి పూలు, అంతే. చేతిలోకి తీసుకున్నాక ముందుగా తెలిసేది బరువు. అందులో ఎక్కువ భాగం జింకు, కొద్దిగా రాగి. ఆ నలుపు పైన పూసిన రంగు కాదు. బీదర్ కోట మట్టిలో నవాసారం (అమ్మోనియం క్లోరైడ్) కలిపి పట్టిస్తే జింకు మిశ్రమం నల్లబడుతుంది, వెండి తెల్లగానే ఉండిపోతుంది. కుండను దీపం కింద కాస్త వంచితే గాడిలో కూర్చోబెట్టిన తీగ (తార్‌కషీ) ఏదో, కత్తిరించి పొదిగిన రేకు (తెహ్‌నిషాన్) ఏదో వేరుగా కనిపిస్తాయి. ఒకచోట తీగ ఊడిపోయి ఖాళీ గాడి మిగిలింది. ఉలి ఎంత లోతు దిగిందో, ఎక్కడ ఆగి మళ్లీ మొదలైందో అక్కడ చూసే తెలుసుకున్నాను. ఆకారం కూడా కాలం చెబుతుంది. బంతిలా గుండ్రంగా ఉండి, కింద చుట్టకుదురు లేనిదే నిలవని కుండలు పాతవి. గంట ఆకారంలో ఉండి వాటంతటవే నిలిచేవి సుమారుగా 18వ శతాబ్దం మధ్య నుంచి వచ్చాయి. ఇదంతా "వర్ణన" అనే ఒక్క గడి నింపడానికి చూసిందే.

వెళ్లేముందు కొన్ని చిన్న అలవాట్లు చేసుకోండి. స్టోర్‌లోకి పెన్ను తీసుకెళ్లొద్దు, పెన్సిలే. ఉంగరాలు, గాజులు తీసేయండి, మెడలోని ఐడీ కార్డు లోపలికి దోపుకోండి, వంగినప్పుడు వస్తువుకు తగులుతుంది. లోహానికి గ్లవ్స్ తప్పనిసరి, చెమటలోని ఉప్పు మరకలు పడతాయి. పిడి పట్టుకుని ఏదీ ఎత్తకండి, పాతకాలపు అతుకులు అక్కడే ఊడతాయి. రెండు చేతులూ అడుగున ఉండాలి.

చరిత్ర కాస్త చదువుకుని వెళ్తే మంచి ప్రశ్నలు అడగగలరు. ఈ సేకరణ ప్రధానంగా ఒక కుటుంబానిది, నిజాంల దగ్గర దివాన్లుగా పనిచేసిన సాలార్‌జంగ్‌లది. 1949లో మూడో సాలార్‌జంగ్ మీర్ యూసఫ్ అలీ ఖాన్ చనిపోయాక, 1951 డిసెంబరు 16న వాళ్ల నివాసమైన దివాన్ దేవిడిలోనే నెహ్రూ మ్యూజియం ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది, 1968లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనానికి మారింది. ముసుగు రెబెకా అనే పాలరాతి శిల్పాన్ని కొన్నది మొదటి సాలార్‌జంగ్, చాలామంది అనుకునేట్టు మూడో ఆయన కాదు. అందుకే ఏ వస్తువు చేతికొచ్చినా "ఇది ఎవరి కాలంలో, ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడగండి. మీ డిసర్టేషన్ అంశం అక్కడే దొరకొచ్చు.

ఇంకో మాట. గంట కొట్టే వేళకు జనమంతా మ్యూజికల్ క్లాక్ దగ్గరికి వెళ్తారు. దక్కనీ చిత్రాలు తీరిగ్గా చూసుకోవడానికి అదే మంచి సమయం. అక్కడ వెలుతురు తక్కువగా ఉందని విసుక్కోకండి, రంగులు వెలిసిపోకుండా కావాలనే అలా ఉంచుతారు. రెండు నిమిషాలు ఆగితే కళ్లు అలవాటు పడతాయి.

చేరాక ఏ విభాగం ఇచ్చారో ఇక్కడ రాయండి. బిద్రీ గానీ సూక్ష్మచిత్రాలు గానీ అయితే ముందుగా ఏం చదవాలో చెబుతాను.