క్రియాటినిన్ ఒక్కటే కాదు, హిమోగ్లోబిన్ కూడా అడగండి

"మా అమ్మకు కిడ్నీ జబ్బు. హిమోగ్లోబిన్ 8కి వచ్చింది. దానిమ్మ, బీట్‌రూట్ రసం రోజూ ఇస్తే రక్తం పడుతుందా?" అని ఒకరు నన్నడిగారు. పడదు. ముందు ఆ రసాలు ఆపి అమ్మగారి పొటాషియం ఎంతుందో చూడండి. దానిమ్మ, బీట్‌రూట్, ఖర్జూరం అన్నింట్లోనూ పొటాషియం ఎక్కువే. కిడ్నీ దాన్ని బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పుతుంది.

నాది హనుమకొండ. బీపీ వల్ల కిడ్నీలు దెబ్బతిని నాలుగో స్టేజీలో ఉన్నాను, డయాలసిస్ దాకా ఇంకా రాలేదు. మా చుట్టాలంతా ఫోన్‌లో అడిగేది ఒక్కటే, "క్రియాటినిన్ ఎంతొచ్చింది?" కిడ్నీలు ఎంత పనిచేస్తున్నాయో చెప్పే రక్త పరీక్ష అది. హిమోగ్లోబిన్ ఎంత అని ఒక్కరూ అడగరు. నన్నడిగితే కిడ్నీ పేషెంట్ల నీరసంలో సగం ఈ రక్తం తక్కువవడం వల్లే.

ఒక సద్దుల బతుకమ్మ నాడు ఇది నాకు బాగా తెలిసొచ్చింది. పొద్దున గునుగు, తంగేడు ముందేసుకుని పేర్చడానికి కూర్చుంటేనే చేతులు ఆడలేదు. సాయంత్రం పద్మాక్షి గుట్టకు బయల్దేరాం. ఏటా ముచ్చట్లు చెప్పుకుంటూ నడిచే దారే. ఆ రోజు రెండు కరెంటు స్తంభాలు దాటితే చాలు, ఆయాసంతో ఆగాల్సి వచ్చింది. ఆటలో వంగి చప్పట్లు కొట్టి లేచేసరికి కళ్లు బైర్లు కమ్మాయి, చెవుల్లో గుండె కొట్టుకోవడం వినిపించింది. పక్కకొచ్చి కూలబడ్డాను. ఒకామె "పొద్దటి నుంచి తినలేదు కావచ్చు" అని మలీద ముద్ద చేతిలో పెట్టింది. ఇంకొకామె "ఈ వయసుల గట్లనే ఉంటది" అంది. నాకప్పుడు నలభై ఆరేళ్లు! మా ఆడబిడ్డ మాత్రం నా కింది రెప్ప లాగి చూసి, "వదినా, తెల్లగ పాలిపోయింది, రక్తం లేదు నీకు" అంది. పండుగ కాగానే తనే వెంటబెట్టుకుని వేరే కిడ్నీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. క్రియాటినిన్ ఎప్పటిలాగే ఉంది. హిమోగ్లోబిన్ 7.4.

అప్పటిదాకా నేను చూపించుకున్న చోట ప్రతిసారీ యూరియా, క్రియాటినిన్ రాసేవారు. నీరసంగా ఉంది సార్ అంటే "కిడ్నీ జబ్బు కదమ్మా, ఉంటుంది" అనేవారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. వంద రూపాయల పరీక్ష రాయడానికి ఏం అడ్డం?

రక్తం తయారు చేయమని ఎముకల్లోని మూలుగకు కబురు పంపే హార్మోన్ ఎరిత్రోపోయెటిన్. దాన్ని ఎక్కువగా తయారు చేసేది కిడ్నీలే. అవి చెడిపోతే ఆ కబురు సరిగా అందదు, ఎంత తిన్నా రక్తం పెరగదు. దానికి తోడు ఐరన్ కూడా తగ్గుతుంది, ఉన్న ఐరన్ కూడా ఒంటికి సరిగా పట్టదు. అందుకే ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్, రక్తంలో వాడుకోవడానికి ఎంత ఐరన్ అందుతోందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్, ఈ రెండు పరీక్షలూ చూడాలి. నాకు ఐరన్ బాగా తక్కువుంది. ఆ రోజుల్లో వంటింట్లోకి వెళ్తే చాలు, పిడికెడు బియ్యం బుక్కాలనిపించేది. అదీ ఐరన్ లోపం లక్షణమేనని డాక్టర్ చెప్పేదాకా ఇంట్లో అందరూ నన్ను తిట్టేవారు. మాత్రలు కడుపుకు పడలేదు, సెలైన్‌లో ఐరన్ ఎక్కించారు. ఆ తర్వాతే ఎరిత్రోపోయెటిన్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. ఐరన్ లేకుండా ఉత్త ఇంజెక్షన్ వేస్తే పనిచేయదు. ఫలితం కనిపించడానికి వారాలు పడుతుంది, తొందరపడొద్దు. బీపీ పెరగొచ్చు కాబట్టి చూసుకుంటూ ఉండాలి. హిమోగ్లోబిన్ 11 దాటాక డోసు తగ్గిస్తే డాక్టర్‌తో గొడవ పెట్టుకోకండి. ఈ ఇంజెక్షన్లతో 13 పైకి లాగితే పక్షవాతం లాంటి ప్రమాదాలు ఎక్కువని 2006 నుంచి వచ్చిన పెద్ద అధ్యయనాల్లో తేలింది.

ఇంకో మాట. "రెండు సీసాల రక్తం ఎక్కిస్తే అయిపోతుంది కదా" అని మా ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర్నుంచి బావగారి దాకా అందరూ అన్నారు. ప్రాణం మీదికొస్తే ఎక్కించాల్సిందే. ఊరికే ఎక్కించుకుంటే మాత్రం ఇతరుల కణాలకు వ్యతిరేకంగా ఒంట్లో యాంటీబాడీలు పుట్టి, రేపు కిడ్నీ మార్పిడికి దాత కలవడం కష్టమవుతుంది. మా తమ్ముడు కిడ్నీ ఇస్తానని ముందుకొచ్చాడు. అందుకే నేను గట్టిగా వద్దన్నాను.

ఇక ఆ ఇంజెక్షన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. మే నెలలో వరంగల్ ఎండ సంగతి మీకు తెలిసిందే. అయినా ఓ మెడికల్ షాపు కుర్రాడు ఉత్త క్యారీ బ్యాగులో వేసి చేతికిచ్చాడు. నర్సంపేట బస్సులో అలా తీసుకెళ్తే అది మందుగా మిగులుతుందా? వెనక్కిచ్చి ఐసు డబ్బాలో పెట్టించుకున్నాను. మీరూ అలాగే అడగండి, మొహమాటపడకండి. ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే, ఈ ఇంజెక్షన్‌కు బదులు మింగే డెసిడుస్టాట్ అనే మాత్ర గురించి అడిగి చూడండి. 2022లో మన దేశంలో దీనికి అనుమతి వచ్చింది. అమ్మగారికి సరిపోతుందో లేదో కిడ్నీ డాక్టరే చెప్పాలి. వెళ్లేటప్పుడు ఫెర్రిటిన్ రిపోర్టు, పొటాషియం రిపోర్టు రెండూ వెంట తీసుకెళ్లండి.