పని మిగిల్చి ఉంచు, చిన్నమ్మలూ

పర్లాకిమిడి
కనుమ మర్నాడు

చిన్నమ్మలుకి అత్త ఆశీస్సులు.

నువ్వు గుణుపురం చేరిన రాత్రి ఫోన్‌లో అడిగావు కదా, "వచ్చే ఏడు ఈ పండగల నెలంతా అందరూ మా ఇంట్లోనే అంటున్నారు అత్తా, మా అత్తగారి వైపు వాళ్లూ వస్తారు, నువ్వు ఎలా చేస్తావో రాసి పంపు, నాకు ఇప్పటి నుంచే టెన్షన్‌గా ఉంది" అని. చాపలు, దుప్పట్లు ఎండలో వేసి ఇప్పుడే కూర్చున్నాను. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని కాగితం తీశాను.

ముందు ఒక్క మాట. చుట్టాలు దిగేలోపు పనంతా పూర్తి చేసి పెట్టకు.

నేనొక ఏడాది అలాగే చేశాను. మీరంతా వచ్చేసరికి అరిసెలు డబ్బాలకెత్తేశాను, జంతికలు వేయించేశాను, ముగ్గుల రంగులు కూడా కలిపి గిన్నెల్లో పెట్టేశాను. ఎవరికీ కష్టం కలగకూడదనుకున్నాను. అందరూ తిన్నారు, బాగున్నాయన్నారు, తలో మూల ఫోన్ పట్టుకుని కూర్చున్నారు. మూడో రోజుకే బ్యాగులు సర్దుకున్నారు. ఆ సాయంత్రం వాకిట్లో నిలబడి చాలా బాధపడ్డాను. మీ నాయనమ్మ ఉన్న రోజుల్లో అలా ఎవరూ వెళ్లేవారు కాదు. మనం వచ్చేదాకా ఆవిడ పిండి దంపడం మొదలే పెట్టేది కాదు. గుమ్మంలో అడుగుపెట్టగానే రోకలి చేతికిచ్చేది, కాఫీ తర్వాతే. ఓపిక లేక అలా చేసేదనుకునేదాన్ని. కాదని ఆ సాయంత్రం అర్థమైంది.

ఈసారి అందరం కూర్చుని కుట్టిన బొంత సంగతే చూడు. నాయనమ్మ నూలు చీరలు కోయడానికి నీకు మనసొప్పలేదు. ఆవిడ వాసన పోతుందన్నావు. పెట్టెలో ఉంచితే మడత పెట్టిన చోటల్లా చిరుగుతాయి తల్లీ. బొంతలో అయితే నీ పిల్లల ఒంటి మీద ఉంటాయి. నువ్వు మళ్లీ కుట్టించాలనుకుంటే ఇవి గుర్తుంచుకో. పట్టుచీరలు వద్దు, జారిపోతాయి. ఉతికి ఉతికి మెత్తబడిన నూలువే కావాలి. గంజి పూర్తిగా వదిలేదాకా ఉతకాలి, లేకపోతే సూది దిగదు, తర్వాత పురుగూ పడుతుంది. నాలుగు పొరలు చాలు. ఐదో పొర వేశావంటే పిల్లల వేళ్లు నొప్పెట్టి గంటలో లేచిపోతారు. నేల మీద పరిచి, చేత్తో ముడతలు మధ్య నుంచి అంచులకు తోసి, ముందు పెద్ద పెద్ద టాకాలు వేసుకో. అసలు కుట్టు కూడా మధ్యలోనే మొదలు కావాలి. అంచుల నుంచి లోపలికి వస్తే మధ్యలో బట్ట ఉబ్బిపోతుంది. నడుమ ఒక వరస వేశాక ఇక నలుగురు నాలుగు మూలలకు కుట్టుకుంటూ పోవచ్చు.

మీ నాన్న వేసిన వరస పాములా వంకర పోయిందని నువ్వు రాత్రి విప్పబోతే నేను చెయ్యి పట్టుకున్నాను, గుర్తుందా? తమ్ముడు పుట్టి బుద్ధెరిగాక సూది పట్టుకోవడం అదే మొదటిసారి. ఆ గంటసేపట్లో అమ్మ గురించి మాట్లాడినంత, ఆవిడ పోయాక ఏ రోజూ మాట్లాడలేదు. జ్వరంతో ఉన్నవాణ్ని పాతపట్నం నుంచి ఎండలో చంకనేసుకుని నడిచొచ్చిందట. అక్కనై ఉండి నాకే ఆ సంగతి తెలియదు. ఎదురుగా కూర్చుని అడిగితే చెప్పేవాడు కాదు. చేతిలో పని ఉండి, చూపు సూది మీద ఉంది కాబట్టి నోరు విప్పాడు. అందుకే ఎవరు ఎలా కుట్టినా విప్పకు.

ఇక నెల ఎలా నడపాలన్నది. మన పక్కింటి ఒడియా పిన్ని, మావుసిలాగే మీకూ ఒడియా ఇరుగుపొరుగు ఉన్నారు కదా, వాళ్లతో కలిసి మొదలుపెట్టు. పౌర్ణమి దాటిన మర్నాటి నుంచే వాళ్లకు మార్గశిరం. మనకు అమావాస్య వెళ్లాలి. అంటే వాళ్లు లక్ష్మీపూజ చేసుకునే లక్ష్మివారాలు (గురువారాలు) మనకంటే పదిహేను రోజుల ముందే వచ్చేస్తాయి. ఆ పదిహేను రోజుల్లో వాళ్లింటికి వెళ్లి బియ్యప్పిండితో ఝొటి, అదే వాళ్ల ముగ్గు, వేయడం నేర్చుకో. నానబెట్టిన బియ్యం మెత్తగా రుబ్బి, వేలు ముంచి గీస్తే ధారగా జారేంత పలచన చేయాలి. తడిగా ఉన్నప్పుడు గీత సరిగ్గా కనపడదు, ఆరాక తెల్లగా తేలుతుంది. కనపడటం లేదని మళ్లీ మళ్లీ దిద్దకు, మందంగా అయి పెచ్చులూడుతుంది. గుమ్మం నుంచి పూజగది దాకా లక్ష్మి పాదాలు పిల్లల చేత వేయించు. ప్రథమాష్టమి కూడా ఆ రోజుల్లోనే వస్తుంది, పసుపు ఆకుల్లో ఆవిరి మీద ఎండూరి పిఠా చేసి ఇంట్లో పెద్దబిడ్డకు హారతిస్తారు. నీ పెద్దాడికీ చెయ్యి, ఎంత మురిసిపోతాడో.

అరిసెలకు ముందురోజు రాత్రి బియ్యం నానబోసి, నీళ్లు వంపేసి, తడి ఆరకముందే దంపాలి లేదా మిల్లు పట్టించాలి. జల్లించిన పిండి మీద తడిబట్ట కప్పి ఉంచు. కిలో బియ్యానికి ముప్పావుకిలో బెల్లం. పాకం పళ్లెంలో నీళ్లలో వేస్తే మెత్తని ఉండ కట్టాలి. అది లేతదైతే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే రాయవుతుంది. ఈ పాకం చూసే పని మీ అత్తగారికి అప్పగించు. నీకు రాదని కాదు. పొయ్యి దగ్గర పాకం చూసే మనిషే ఆ రోజు ఇంటికి పెద్ద. ఆవిడ నీ వంటింట్లో చుట్టంలా కూర్చోకూడదు. వత్తే పని మగవాళ్లకు, నూనె పిండే పని కాస్త పెద్ద పిల్లలకు.

నిప్పుల మీద కాల్చే పొడ పిఠా వాళ్లకు జూన్‌లో వచ్చే రొజొ పండక్కి ముఖ్యమే గానీ, నేను చలికాలంలోనే చేస్తాను. పొయ్యి చుట్టూ చేరడానికి ఇంతకంటే మంచి సాకు లేదు. రెండు పాళ్లు బియ్యం, ఒక పాలు మినప్పప్పు రుబ్బి రాత్రంతా పులియనివ్వాలి. ఈ చలికి పిండి పొంగదు, గిన్నెకు పాత దుప్పటి చుట్టి పొయ్యి పక్కన పెట్టు. తర్వాత బెల్లం, కొబ్బరి ముక్కలు, అల్లం, యాలకులు, కాస్త మిరియాల పొడి. దళసరి గిన్నెలో అరిటాకు పరిచి పోసి, కిందా మూత మీదా నిప్పులు. నిప్పులు లేకపోతే ఇనుప పెనం మీద గిన్నె పెట్టి సన్నని సెగ మీద గంటకు పైనే వదిలెయ్యి. అడుగు నల్లబడితే కంగారు పడకు, ఆ మాడు రుచే దానికి అందం. మర్నాడు పొద్దున్నే కొయ్యాలి, వేడి మీద కోస్తే ముద్దవుతుంది.

చిన్నాడి కేకు కుక్కర్‌లో చేస్తే సరిపోతుంది. గాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున ఉప్పు పోసి పది నిమిషాలు వేడెక్కాక టిన్ను లోపల పెట్టాలి. మొదటి అరగంట మూత తియ్యనివ్వకు. మొన్న వాడు మూడుసార్లు తీసి చూశాడు, అందుకే మధ్యలో కుంగింది. అయినా ఆ కుంగిన చోట నేరేడు తేనె పోసుకుని అందరం తిన్నాం, నాకు అదే బాగుంది.

బట్టలు, కొనుగోళ్ల గురించి నేనేం రాయను, అవి నీకే బాగా తెలుసు. ఒక్కటి మాత్రం విను. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా వంటింటి తలుపు వేసెయ్యి. అప్పుడు ఎవరికి టీ కావాలన్నా వాళ్లే పెట్టుకుంటారు. నువ్వు పడుకో. నేను చాలా ఏళ్లు పడుకోలేదు. నెల ముగిసేసరికి చిరాకుతో పిల్లలను కసిరిన రోజులు ఇప్పటికీ గుర్తొస్తాయి.

తమ్ముడు వచ్చే వారం గుణుపురం వస్తున్నాడు. బొంత అతని చేతికిచ్చి పంపుతున్నాను. ఒక మూల జానెడు కుట్టలేదు, సూది అక్కడే గుచ్చి ఉంది. ఆ జానెడూ నువ్వు పూర్తి చెయ్యకు. వచ్చే మార్గశిరంలో మీ అత్తగారు దిగిన రోజున హాల్లో పరిచి, సూదిలో దారం ఎక్కించిపెట్టమని ఆవిణ్ని అడుగు. కళ్లద్దాలు తెచ్చుకోమని ముందే చెప్పు. బెల్లం ఇక్కడి నుంచే పంపిస్తాను, నువ్వు కొనకు. అరిసెలు పట్టుకెళ్లిన స్టీలు డబ్బా మాత్రం తమ్ముడి చేత తిరిగి పంపించు, అది నాయనమ్మది.

మీ అత్త