ముప్పై ఏళ్ళ గోళ్ళ అలవాటు, ఆరు సిట్టింగులు

"హిప్నోథెరపీతో అలవాట్లు నిజంగా మారతాయా? నాకు రోజుకు పది సిగరెట్లు, దానికి తోడు ఊరికే టెన్షన్. స్వయంగా చేయించుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి" అని మీరు అడిగారు. హిప్నాటిజంతో చేసే ఈ వైద్యం నేను చేయించుకున్నాను. సిగరెట్ కోసం కాదు, గోళ్ళ కోసం. మారతాయి. నా వేళ్ళే సాక్ష్యం.

గోళ్ళు కొరకడమా, అదీ ఒక జబ్బేనా అనుకోవద్దు. నాకది తొమ్మిదో ఏట మొదలై నలభై ఒకటో ఏట ఆగింది. గోరు అయిపోతే పక్కన చర్మం, చర్మం అయిపోతే లోపలి పచ్చి. గోరుచుట్టు వచ్చి చీము పడితే రెండుసార్లు కోయించుకున్నాను. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. బోర్డు మీద రాస్తుంటే చాక్‌పీస్ పొడి ఆ పచ్చి మీద పడి భగ్గున మండేది. పిల్లలు చూస్తారేమోనని వేళ్ళు లోపలికి ముడిచి రాయడం అలవాటు చేసుకున్నాను. ఆషాఢం వచ్చి ఇంట్లో ఆడవాళ్ళంతా గోరింటాకు రుబ్బుకుని కూర్చుంటే నేను ఏదో ఒక పని కల్పించుకుని వంటింట్లో ఉండిపోయేదాన్ని. గోరుంటే కదా గోరింటాకు పండేది! పెళ్ళైన కొత్తలో మా అత్తయ్యగారు గాజులు తొడుగుతూ నా చేతిని వెలుతురులోకి తిప్పి చూసి, ఏమీ అనకుండా వదిలేశారు. ఏదైనా అని ఉంటే ఈపాటికి మర్చిపోయేదాన్నేమో.

ఈ అలవాటుకి మన ఇళ్ళల్లో వైద్యం ఏమిటో తెలుసు కదా. వేపనూనె, కాకరకాయ రసం, అదీ కాకపోతే కారం. చిన్నప్పుడు మా మేనత్త పచ్చిమిరపకాయ చిదిమి నా పది వేళ్ళకూ రుద్దింది. ఆ చేత్తోనే కన్ను నలుపుకున్నాను. ఆ రాత్రంతా తడిగుడ్డ కళ్ళ మీద వేసుకుని పడుకున్నాను. అలవాటు పోలేదు. మేనత్త వస్తుందంటే మాత్రం పెరట్లోకి పరుగెత్తి దాక్కునేదాన్ని, అక్కడా గోళ్ళే కొరుక్కుంటూ. ఇప్పటికీ పిల్లల వేళ్ళకు కారం రాసే తల్లులు మా స్కూల్లోనే ఉన్నారు, మీటింగులకి వచ్చి గొప్పగా చెప్తారు. వాళ్ళతో వాదించి నాకు గొంతు పోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అని మన పెద్దలు ఊరికే అనలేదు.

నా కోసమైతే నేను ఎప్పటికీ వెళ్ళేదాన్ని కాదు. మా చిన్నమ్మాయికి ఆరేళ్ళప్పుడు ఒకరోజు టీవీ ముందు కూర్చుని అచ్చం నాలాగే, కుడిచేతి చూపుడువేలు పళ్ళ మధ్య పెట్టుకుని, తల ఒక పక్కకి వంచి కొరుకుతోంది. ఎవరూ నేర్పలేదు. నన్ను చూసి నేర్చుకుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మొదట మోసపోయాను, అది కూడా చెప్పాలి. వాట్సాప్‌లో ఒక ప్రకటన వచ్చింది, ఒక్క రోజులో ఏ అలవాటైనా మాయం అని. ఒక హోటల్ హాల్లో అరవై మందిమి కూర్చున్నాం, తలకి 6,500 రూపాయలు. లైట్లు తీసేసి, పెద్ద సౌండుతో సంగీతం పెట్టి, సూటు వేసుకున్నాయన మైకులో గంటసేపు మాట్లాడాడు. చివర్లో నా దగ్గరికి వచ్చి, పోయిన జన్మలో మీరు ఆకలితో చనిపోయారు, అందుకే గోళ్ళు తింటున్నారు అన్నాడు. నా పక్కన కూర్చున్న ముసలాయన కొడుకు పోయిన దిగులుతో వచ్చాడు. ఆయనకీ ఏదో జన్మ కథ చెప్పి, ఇంకో రెండు రోజుల కోర్సుకి డబ్బు కట్టించుకున్నారు. నా డబ్బు పోతే పోయింది, ఆ పెద్దాయన ముఖం గుర్తొస్తే ఇప్పటికీ కడుపు రగులుతుంది. గతజన్మ అని ఎవరైనా మొదలుపెడితే చెప్పులు వేసుకుని బయటికి వచ్చేయండి. హిప్నాసిస్‌లో ఉన్న మనిషికి లేని జ్ఞాపకాన్ని ఉన్నట్టు నమ్మించే ప్రమాదం ఉంది. అందుకే ఆ పని చేసేవాళ్ళు ఎవరో చూసుకోవాలి.

ఆరు నెలల తర్వాత మా స్టాఫ్‌రూమ్‌లో సైన్స్ సారు చెబితే విజయవాడలో ఒక మేడమ్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ క్లినికల్ సైకాలజిస్ట్, వాళ్ళని నమోదు చేసే ప్రభుత్వ సంస్థ రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు గోడకి ఉంది. సారు వెళ్ళింది కడుపు కోసం, ఐ.బి.ఎస్. అంటే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్. ఏళ్ళ తరబడి మందులు వాడిన మనిషి. నిజానికి హిప్నోథెరపీకి గట్టి ఆధారాలున్న వాటిలో ఆ కడుపు జబ్బు ఒకటి. మాంచెస్టర్‌లో పీటర్ వోర్వెల్ అనే డాక్టరు బృందం 1984లోనే లాన్సెట్ వైద్య పత్రికలో దీని మీద ప్రచురించింది. ఏడాది మందులు వాడినా తగ్గని ఐ.బి.ఎస్.కి దీన్ని ఆలోచించవచ్చని బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు చెప్పే నైస్ అనే సంస్థ మార్గదర్శకాల్లోనే ఉంది.

మొదటి రోజు మేడమ్ నన్ను పడుకోబెట్టలేదు, కళ్ళు మూయించలేదు. ఒక చిన్న నోట్‌పుస్తకం ఇచ్చి, వారం పాటు చెయ్యి నోట్లోకి వెళ్ళిన ప్రతిసారీ టైము, చోటు, పక్కన ఎవరున్నారు అన్నది రాయమన్నారు. ఇంత దూరం వచ్చింది ఇందుకా అని నీరసపడ్డాను. అయినా రాశాను. వారం తర్వాత ఇద్దరం కూర్చుని చూస్తే, పొద్దున పెద్దగా లేదు, క్లాసులో దాదాపు లేదు. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు వరకు వరుసగా గీతలు. ఆదివారం కూడా అదే. "సాయంత్రం ఐదింటికి మీకేమవుతుందమ్మా?" అన్నారు మేడమ్. ఏమీ కాదన్నాను. అన్నాక నోరు పెగల్లేదు.

నా తొమ్మిదో ఏట అమ్మని గుంటూరు పెద్దాసుపత్రిలో చేర్చారు. రెండు నెలలు. నాన్న రోజూ పొద్దున క్యారేజీ పట్టుకుని వెళ్ళి, తెనాలి మీదుగా వచ్చే ఐదున్నర బస్సుకి తిరిగొచ్చేవాడు. నేను అరుగు మీద కూర్చుని రోడ్డు మలుపు చూస్తూ ఉండేదాన్ని. బస్సు ఆగి, నాన్న దిగి, ఆయన ముఖం నాకు కనిపించేదాకా నాకు అమ్మ ఉందో లేదో తెలియదు. అమ్మ బాగై ఇంటికొచ్చింది, ఇప్పటికీ మాతోనే ఉంది. నేనిదేమీ మర్చిపోయి హిప్నాసిస్‌లో కనుక్కోలేదు, ఎప్పుడూ గుర్తున్నదే. దానికీ నా గోళ్ళకీ ముడి ఉందని మాత్రం ముప్పై రెండేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు.

ఇక అసలు సిట్టింగ్. మామూలు వాలు కుర్చీ, పైన ఫ్యాను, పక్కన మంచినీళ్ళ గ్లాసు. గడియారం ఊపడం లాంటివేమీ లేవు. నాకు భయంగా ఉంది మేడమ్, నేను నిద్రపోతే ఏం మాట్లాడతానో అన్నాను. ఇది నిద్ర కాదని చెప్పారు. ఈ పేరు పాపులర్ చేసిన జేమ్స్ బ్రెయిడ్ అనే స్కాట్లండ్ సర్జన్ 1843లో తన పుస్తకంలో నిద్ర అని అర్థమొచ్చే హిప్నోస్ అనే గ్రీకు మాట మీదుగా హిప్నాటిజం అన్నాడట. తర్వాత ఇది నిద్ర కాదు, మనసు ఒకే ఆలోచన మీద నిలవడం అని తెలిసి 1847లో పేరు మార్చబోయాడట. అప్పటికే పాత పేరు జనం నోళ్ళలో పడిపోయింది. అంతకుముందు 1845లో మన బెంగాల్‌లోనే, హుగ్లీలో, ఎస్‌డెయిల్ అనే డాక్టరు మత్తుమందు లేని రోజుల్లో ఈ దారికి ముందున్న మెస్మరిజంతో ఆపరేషన్లు చేశాడట. ఈథర్, క్లోరోఫామ్ వచ్చాక అది వెనకబడింది. ఈ కబుర్లు వింటూనే నా భుజాలు కిందికి దిగాయి.

గోడ మీద ఒక చుక్కని చూడమన్నారు. రెప్పలు బరువెక్కితే వదిలేయమన్నారు. పది నుంచి వెనక్కి లెక్కపెడుతూ పది మెట్లు దిగించారు. నాకన్నీ వినిపిస్తున్నాయి. కింద రోడ్డు మీద తోపుడుబండి వాడి కేక, పక్కింటి కుక్కరు విజిల్, ఫ్యాను కిర్రుమనడం. వినిపిస్తున్నాయి గానీ వాటి మీదికి మనసు పోవడం లేదు. మీకు బాగా నచ్చిన చోటికి వెళ్ళండి అన్నారు. మా అమ్మమ్మగారి పెరడు వచ్చింది. నూతి గట్టు, పక్కన గోరింట చెట్టు, రోట్లో చింతపండు వేసి రుబ్బిన పచ్చి ఆకు వాసన. మీరు నమ్మండి నమ్మకపోండి, ఆ వాసన నాకు ఆ గదిలో నిజంగా వచ్చింది.

అక్కడి నుంచి మెల్లిగా అరుగు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ పిల్లని చూడండి, మీరు ఇప్పుడున్న వయసులో వెళ్ళి పక్కన కూర్చోండి అన్నారు. కూర్చున్నాను. ఆ పిల్ల వేళ్ళు నోట్లో ఉన్నాయి. ఏం చేయాలనిపిస్తోంది అని అడిగారు. ఆ చెయ్యి తీసి నా చేతిలో పెట్టుకున్నాను. బస్సు వచ్చేదాకా వదల్లేదు. కుర్చీలో నా బొటనవేలు చూపుడువేలిని గట్టిగా నొక్కి పట్టుకుని ఉందట. మేడమ్ దాన్నే పట్టుకున్నారు. "ఇక మీదట చెయ్యి పైకి లేవగానే ఈ బొటనవేలు ఈ వేలిని పట్టుకుంటుంది. ఇరవై లెక్కపెట్టేదాకా పట్టుకునే ఉంటుంది" అని నిదానంగా నాలుగైదుసార్లు చెప్పారు. కళ్ళు తెరిచేసరికి నా చెంపలు తడిగా ఉన్నాయి. పది నిమిషాలు గడిచాయనుకున్నాను, గడియారం చూస్తే నలభై అయింది.

చెడ్డ కదలిక స్థానంలో ఇంకో కదలిక పెట్టడమనేది పాత పద్ధతేనని తర్వాత చదివాను. అజ్రిన్, నన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1973లో ప్రచురించారు, హిప్నాసిస్‌తో పని లేకుండానే. అయితే అంతా ఆ వేలి చిట్కాదే, హిప్నాసిస్‌ది ఏమీ లేదు అంటారు మా ఆయన. నేనొప్పుకోను. వేలు నొక్కుకో అని మా స్కూల్ హెడ్మాస్టరు చెప్పినా నొక్కుకునేదాన్నే, రెండు రోజులు. ఆ వేలు నాకు అరుగు మీది పిల్ల చెయ్యి అయింది కాబట్టి నిలబడింది. నా మట్టుకు తేలిందేమిటంటే అలవాట్లలో సగం ఎదురుచూపులే. ఎవరి కోసమో, దేని కోసమో. అది పట్టుకోకుండా వేపనూనె పూసినా, లక్షలు పోసినా దండగ.

మొత్తం ఆరు సిట్టింగులు, ఒక్కోటి 1,200 రూపాయలు. మేడమ్ గొంతుతో పద్నాలుగు నిమిషాల రికార్డింగ్ ఇచ్చారు, రాత్రి పడుకునేముందు వినేదాన్ని. మూడో వారానికి గోటి అంచు తెల్లగా కనపడింది. బస్సులో దాన్ని చూసుకుంటూ దిగాల్సిన స్టాపు దాటి వెళ్ళిపోయాను. నాలుగో నెలలో టెన్త్ స్పాట్ వాల్యుయేషన్‌లో ఒకరోజు ఎడమ చిటికెనవేలు కొరికేశాను. మళ్ళీ మొదటికొచ్చిందని ఏడ్చాను. రాలేదు, ఒక్క సిట్టింగ్‌తో సర్దుకుంది. సాయంత్రాలు గుండె దడగా ఉండటం కూడా తగ్గింది. అది నేను అడగను కూడా అడగలేదు.

మా తరానికి హిప్నాటిజం అంటే పట్టాభిరామ్ గారే. మెజీషియన్‌గా పేరు తెచ్చుకుని కౌన్సెలింగ్ వైపు వచ్చి, ఎంతోమంది పిల్లలకు పరీక్షల భయం పోగొట్టిన మనిషి. 2025లో పోయారు. ఆయన వెళ్ళిన దారిలో ఎవరూ వెళ్ళడం లేదు, స్టేజీ మీద కుర్రాడితో ఉల్లిపాయని యాపిల్ అని తినిపించే వీడియోలే అందరికీ కావాలి. వాటిని చూసి భయపడి నిజంగా అవసరమున్నవాళ్ళు వెళ్ళడం లేదు.

ఇక మీ సిగరెట్. అందులో అలవాటుతో పాటు నికోటిన్ ఉంది, నా గోళ్ళలో అది లేదు. సిగరెట్ మాన్పించడంలో హిప్నోథెరపీ మిగతా పద్ధతుల కంటే మెరుగని, వైద్య పరిశోధనలన్నీ కలిపి చూసే కాక్రేన్ సమీక్షలో తేలలేదు. ఇది నాకు మేడమే చెప్పారు. అలాంటి మాట చెప్పేవాళ్ళ దగ్గరికే వెళ్ళండి. డాక్టర్‌ని అడిగి నికోటిన్ గమ్ లాంటిది కూడా వాడండి, 1800-11-2356 పొగాకు మాన్పించే ఉచిత లైనుకి ఫోన్ చేయండి. టెన్షన్ మరీ ఎక్కువై నిద్ర, తిండి పోతుంటే ముందు 14416 టెలిమానస్, అది మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడతారు. ఇంట్లో ఎవరికైనా లేని గొంతులు వినపడటం లాంటి జబ్బు ఉంటే వాళ్ళని హిప్నాసిస్‌కి తీసుకెళ్ళొద్దు, సైకియాట్రిస్ట్ దగ్గరికే.

అన్నిటికంటే ముందు ఒక చిన్న నోట్‌పుస్తకం కొని సిగరెట్ పెట్టెతో పాటు జేబులో పెట్టుకోండి. ఏడు రోజులు ఒక్కటి కూడా రాయకుండా వదలొద్దు, వెలిగించిన ప్రతిసారీ టైము, చోటు, పక్కన ఎవరు అని రాయండి. ఆ పుస్తకంతోనే మొదటి సిట్టింగ్‌కి వెళ్ళండి. నాది ఇంకా బీరువాలో ఉంది. మొదటి పేజీలో మొదటి వరుస ఇది: సోమవారం, 4.50, వంటింటి కిటికీ దగ్గర, ఎవరూ లేరు, రోడ్డు వైపు చూస్తున్నాను.